మాఘమాసపు నీళ్లలో గాలం: కొండకర్ల ఆవ నుంచి తాటిపూడి దాకా

రథసప్తమికీ శివరాత్రికీ మధ్య ఉన్నది మూడు వారాలు. విశాఖ చుట్టుపక్కల చెరువుల్లో, రిజర్వాయర్లలో గాలం వేసేవాళ్లని ఏడాది మొత్తంలో ఇంతగా తికమక పెట్టే కాలం ఇంకోటి లేదు. పగలు చొక్కా తడిసేంత ఎండ, రాత్రి దుప్పటి లేకుండా నిద్ర పట్టని చలి. నిన్న పడిన చోట ఈరోజు బెండు కదలదు. దాంతో చాలామంది ఎర మారుస్తారు, గాలం మారుస్తారు, చివరికి చెరువునే మార్చేస్తారు. మార్చాల్సింది వేళని, నిలబడే గట్టుని.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఒడ్డున మోకాలి లోతు నీరు లోతట్టు నీటి కంటే త్వరగా చల్లబడుతుంది. అంటే తెల్లవారుజామున చెరువు మొత్తంలో అతి చల్లటి చోటు ఒడ్డే. అదే ఒడ్డు మధ్యాహ్నం రెండింటికి అన్నిటికంటే వెచ్చటి చోటు అవుతుంది. చేప ఈ రెండింటి మధ్య రోజూ ఒక ప్రయాణం చేస్తుంది. వేసవి అలవాటు కొద్దీ అయిదింటికే గట్టెక్కి, తొమ్మిదింటికి విసిగి సర్దుకుని పోయేవాళ్లు సరిగ్గా చేప బయలుదేరే వేళకి ఇంటిదారి పడతారు.

అందుకే కొండకర్ల ఆవ నుంచి తాటిపూడి దాకా సాగే ఈ అయిదు రోజుల యాత్రకి సంచిలో మొదట పడాల్సింది థర్మామీటరు. జ్వరం చూసేది కాదు, దాని కొలత 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. సైన్సు ల్యాబు సామాన్లు అమ్మే చోట దొరికే 0 నుంచి 50 డిగ్రీల గాజు థర్మామీటరో, అక్వేరియం దుకాణాల్లోదో చాలు. దాని బల్బు చుట్టూ నాలుగు మడతల నూలుగుడ్డ చుట్టి దారంతో బిగించాలి. ఈ గుడ్డే కీలకం. లేకపోతే లోతు నుంచి పైకి లాగేలోపే పైనీటి వేడికి అంకె మారిపోతుంది. 50 గ్రాముల సీసం కట్టి, దారానికి అర మీటరుకో ముడి వేసి, కావలసిన లోతుకి దించి అయిదు నిమిషాలు ఆగి, చకచకా లాగి చదవాలి. మీటరు లోతున 20 డిగ్రీల కింద ఉంటే శీలావతి, బొచ్చె, మోసు చేపలు దాదాపు నోరు కట్టేసుకున్నట్టే. 20 నుంచి 23 మధ్య చిన్న ఎరలతో, ఓపికతో పని. 23 దాటితే చేప తిరుగుతుంది, తింటుంది.

బయలుదేరే ముందు ఇంకో రెండు పనులున్నాయి. ఒకటి అనుమతి. ఈ నీళ్లలో చేపల మీద హక్కు ఎక్కువ చోట్ల లైసెన్సులున్న మత్స్యకారులది, వాళ్ల సంఘాలది. ముందే వెళ్లి అడగాలి, వలలున్న వైపు గాలం వేయకూడదు. విశాఖ పక్కనే ఉన్న తాగునీటి రిజర్వాయర్లు మేహాద్రిగెడ్డ, ముడసర్లోవలని ఈ యాత్రలో కలపలేదు. రెండోది నీటిమట్టం. సముద్రమట్టం నుంచి లెక్కేస్తే తాటిపూడి రిజర్వాయరు పూర్తి మట్టం 297 అడుగులు, రైవాడ రిజర్వాయరుది 114 మీటర్లు. ప్రస్తుత మట్టం స్థానిక పత్రికల జిల్లా పేజీల్లో వస్తూ ఉంటుంది. వరసగా నాలుగు రోజుల అంకెలు రాసుకుంటే నీరు ఎంత వేగంగా తగ్గుతోందో తెలుస్తుంది. దాని సంగతి రైవాడ దగ్గర చెప్పుకుందాం.

మొదటి రోజు: కొండకర్ల ఆవ

అనకాపల్లి, అచ్యుతాపురం మధ్య రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ఆవ. ఉదయం ఎనిమిదింటికి విశాఖలో బయలుదేరినా ఆలస్యమేమీ కాదు. ఇది కట్ట కట్టి నిలిపిన రిజర్వాయరు కాదు, సహజంగా ఏర్పడ్డ మంచినీటి సరస్సు. లోతు తక్కువ, చాలా చోట్ల గెడ అందుతుంది. తామర, కలువ, నాచు, గుర్రపుడెక్క. తాటిమొద్దు తొలిచిన దోనెలు రెండేసి జత కట్టి నడుపుతారు. దోనె నడిపే పెద్దాయన్ని ‘బాబాయ్, గడ్డి మధ్య ఖాళీలు ఎటేపున్నాయి?’ అని అడిగితే చాలు, సగం పని అయినట్టే. నీరు నడుం లోతే కదా అని లైఫ్ జాకెట్ వదిలేయకూడదు. నాచులో కాలు చిక్కుకుంటే ఈత వచ్చినవాడైనా ఇబ్బంది పడతాడు.

ఇక్కడ వెతకాల్సింది కొర్రమీను. ఇది నీళ్లలోని ఆక్సిజన్‌తో సరిపెట్టుకోదు, పైకొచ్చి గాలి మింగుతుంది. చలి ఉదయాల్లో ఒళ్లు మందగించి గాలి అవసరం తగ్గుతుంది కాబట్టి పైకి రావడమూ తగ్గిపోతుంది. ఆవలో చేపే లేదనిపిస్తుంది. పదిన్నర, పదకొండు ప్రాంతంలో కలువాకుల మధ్య ఖాళీలకి ఎండ నిటారుగా తగలడం మొదలయ్యాక చిన్న ‘గ్లుక్’ చప్పుళ్లు, వెనకే నాలుగైదు బుడగలు కనిపిస్తాయి. బుడగలు ఒక్కచోటే ఆగి వస్తుంటే అది కుళ్లిన ఆకుల గ్యాసు. గీత గీసినట్టు జరుగుతూ వస్తే చేప.

సముద్రం దగ్గర కావడంతో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఇక్కడికి చేరుతుంది. ఎండకి వేడెక్కిన పైపొరని అది ఉత్తరపు, వాయవ్యపు ఒడ్డుకి నెడుతుంది. మధ్యాహ్నం తర్వాత ఆ ఒడ్డునే గడ్డి అంచుల్లో వెతకాలి. ఫిబ్రవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు ఒడ్డుకి ఎండ కూడా ఎక్కువసేపు తగులుతుంది. రెండు లాభాలూ ఒకే వైపు.

సరంజామా బరువుగానే ఉండాలి. ఆరున్నర, ఏడడుగుల గట్టి రాడ్, తంగూసు బదులు అల్లిక దారం, చివర గడ్డి అంటుకోని రబ్బరు కప్ప. తంగూసు సాగుతుంది. పాతిక అడుగుల దూరంలో గడ్డి మధ్య కొట్టిన చేప దవడ ఎముకలోకి గాలం దిగాలంటే ఆ సాగుడు పనికిరాదు. బతికున్న కప్పని గుచ్చే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దాన్ని వదిలేయాలి. కప్పకి హింస, పైగా కొర్రమీను దాన్ని కడుపులోకి మింగేసి వదిలిపెట్టడానికి పనికిరాకుండా పోతుంది.

వేసవిలో కప్పని గబగబా లాగినా వెంటపడే చేప ఇప్పుడు అంత దూరం రాదు. కప్పని ఆకు మీద వేసి, మెల్లగా అంచు దాకా లాగి, నీళ్లలోకి జారనిచ్చి అయిదు సెకన్లు కదపకుండా ఉంచాలి. ఒక్క అంగుళం లాగి మళ్లీ ఆపాలి. కొట్టిన చప్పుడు వినగానే రాడ్ ఎత్తేస్తే కప్ప గాల్లోకి లేచి మీ మొహం మీదకొస్తుంది, చేప అక్కడే ఉంటుంది. చప్పుడయ్యాక రెండు మూడు సెకన్లు ఆగి, దారం పక్కకి జరగడం చూసి, అప్పుడు బలంగా కొట్టాలి. కొట్టాక ఇక దయ చూపకూడదు, తల పైకి ఉంచి గడ్డి మీదుగా లాగేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే తామరకాడల్లో చుట్టుకుంటుంది. వరసగా రెండు మూడు కాట్లు జారిపోతే గాలం మొన చూడండి. గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. జారితే ఆకురాయితో పదును పెట్టాలి.

అడుగు కంటే చిన్న కొర్రమీను వదిలేయాల్సిందే. నీటి మీద నారింజ రంగు పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ కప్ప పడితే తప్పకుండా కొడుతుంది, కోపంతో కొడుతుంది. ఆ చేపని పట్టుకుంటే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే. ఆ గుంపు కనిపించిన చోట గాలం వేయకుండా ముందుకి పోవాలి. వలస పక్షులు కూడా ఈ కాలంలో ఇంకా ఆవలోనే ఉంటాయి. అవి దిగిన వైపు దోనె తీసుకెళ్లకూడదు. తెగిన దారం ముక్క ఒక్కటి వదిలినా ఏదో ఒక పక్షి కాలికి చుట్టుకుంటుంది.

నాలుగింటికి ముగించి, రాడ్లు, వల బుట్ట, చెప్పులు అన్నీ బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గుర్రపుడెక్క చిన్న తునక చాలు, ఇంకో చెరువులో పాతుకోడానికి. రేపు వెళ్లేది రిజర్వాయరుకి.

రెండో రోజు: అనకాపల్లి మీదుగా రైవాడ

అనకాపల్లి బెల్లానికి పేరు, ఇది క్రషర్లు తిరిగే కాలం కూడా. ఎరకి తెల్లగా మెరిసే బెల్లం అక్కర్లేదు. నల్లబెల్లం అరకిలో, వేరుశనగ చెక్క కిలో, మెత్తటి తవుడు రెండు కిలోలు ఇక్కడే కొనుక్కుంటే చోడవరం, దేవరాపల్లి మీదుగా పదకొండుకల్లా రైవాడ చేరచ్చు. శారదానది మీద కట్టిన రిజర్వాయరు ఇది, వెనక అనంతగిరి కొండలు. రాత్రి ఆ కొండల మీంచి చల్లగాలి లోయలోకి జారి నీటి మీద కూర్చుంటుంది. అందుకే ఆవ కంటే ఇక్కడ ఉదయం నీరు మరీ చల్లగా ఉంటుంది.

ఈరోజు గాలం వేయడం కోసం కాదు, నేల చదవడం కోసం. ఈ పని మానేసి రెండు రోజులూ గాలం వేసేవాళ్ల కంటే, ఒక పూట నేల చూసి ఒక పూట గాలం వేసేవాళ్లకే ఎక్కువ పడతాయి.

రబీకి, నగరానికి నీళ్లు వదులుతూ ఉంటారు కాబట్టి మాఘానికి మట్టం కొంత దిగి ఉంటుంది. దిగిన మేర బయటపడ్డ నేల మనకి పటం. ఎక్కడ గులకరాళ్లు, ఎక్కడ నల్లమట్టి, పాత పొలంగట్టు ఏ వైపు నీళ్లలోకి దిగుతోంది అన్నీ కనిపిస్తాయి. ఆ గట్టు వాలు ఎటుందో నీళ్ల కింద కూడా అటే కొనసాగుతుంది. కనిపించని మేరకి గాలం లేకుండా 20 గ్రాముల సీసం గుండు ఒక్కటే కట్టి విసరాలి. గుండు నీటిని తాకగానే ఒకటి, రెండు అని లెక్కపెడుతూ దారం వదులయ్యే దాకా చూడాలి. ఒకే చోట నిలబడి విసనకర్ర రేకుల్లాగా ఏడెనిమిది దిక్కులకి విసిరి ప్రతిదానికీ అంకె రాసుకోవాలి. లెక్క మూడు వచ్చిన చోటు పక్కనే ఏడుకి మారితే అక్కడ పాత ఏటి వాలుందన్నమాట. గుండుని మెల్లగా లాగితే టకటకమంటే రాయి, బరువుగా జిగురుగా వస్తే బురద, స్పాంజిలా ఆగి ఆగి వస్తే నాచు. వాలు పైఅంచున మీటరు, మీటరున్నర లోతున్న గట్టినేల కావాలి. రాత్రి లోతులో ఉన్న చేప మధ్యాహ్నం అక్కడికే ఎక్కుతుంది.

నీరు తగ్గే వేగం చూడటానికి ఒక కర్రకి సెంటీమీటరు గాట్లు పెట్టి అంచున పాతేయాలి. రోజుకి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గితే ఇబ్బందేమీ లేదు. పది సెంటీమీటర్లు దాటి పడిపోతుంటే చేప ఒడ్డు వదిలి లోతుకి జరుగుతుంది. ఎండిపోయే గుంటల్లో చిక్కకుండా తప్పించుకునే స్వభావం దానిది. అలాంటి రోజుల్లో పైఅంచుని వదిలి వాలు మధ్యలో, రెండున్నర మూడు మీటర్ల లోతున వేయాలి. తూముల దగ్గరికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకూడదు. ఎప్పుడు తెరుస్తారో తెలియదు, లాగుడు పైకి కనిపించదు.

కొత్తగా బయటపడ్డ నల్లమట్టి పైన ఎండి బీటలు వారినా లోపల మోకాలి దాకా దిగిపోతుంది. రెండడుగుల చెక్కపలక ఒకటి వెంట ఉంటే దాని మీద నిలబడచ్చు.

సాయంత్రం ఎర పనులు. అరకిలో వేరుశనగ చెక్కని నలగ్గొట్టి రాత్రంతా నానబెట్టాలి. నానని చెక్క నీళ్లలో ముక్కలుగా పడి ఉంటుంది కానీ వాసన వదలదు. చల్లటి నీళ్లలో వాసన ఎలాగూ నెమ్మదిగానే పాకుతుంది. 100 గ్రాముల బెల్లం వేడినీళ్లలో కరిగించి పక్కన పెట్టుకోవాలి. చేపనూనెలు, నెయ్యి లాంటివి ఈ కాలంలో వద్దు. చల్లబడ్డ నూనె నీళ్లలో విడదు.

మూడో రోజు: రైవాడలో శీలావతి, మోసు

ఏడింటికి నీరు కొలిస్తే మనసు పాడవుతుంది, అయినా కొలవాలి. తొమ్మిదింటికి, పదకొండుకి మళ్లీ కొలవాలి. అంకె కంటే దాని పెరుగుదలే ముఖ్యం. మీటరు లోతున ఒక్క డిగ్రీ పెరిగినా చేప కదులుతుంది. నిన్న గుర్తించిన చోట్లలో తూర్పుకొండ నీడ ముందుగా తొలిగేది ఏదో చూసుకుని, మామూలుగా పడమటి ఒడ్డునో వాయవ్యపు ఒడ్డునో, అక్కడ కూర్చోవాలి. రాళ్లు పరిచిన ఒడ్డు మట్టి ఒడ్డు కంటే త్వరగా వేడెక్కుతుంది. రాళ్ల సందుల్లో పాములుంటాయి, కర్రతో తట్టి కూర్చోండి.

ఉదయపు చల్లని వేళ అడుగుఎర వేయడానికి వాడుకోవాలి. కిలో తవుడు, నానిన చెక్క, బెల్లం నీళ్లు కలిపి ముద్ద చేయాలి. నిమ్మకాయంత ఉండ పిడికిట్లో నొక్కితే నిలవాలి, నీళ్లలో పడ్డాక రెండు మూడు నిమిషాల్లో విచ్చుకోవాలి. బకెట్లో ఒకటి వేసి చూసుకోండి. విడకపోతే తవుడు కలపాలి, గాల్లోనే చిట్లితే నీళ్లు చిలకరించాలి. మొదట అయిదు ఉండలు, తర్వాత గంటకి రెండు. అంతే. వేసవిలో పాతిక ఉండలు విసిరే చెయ్యి ఇప్పుడు ఆగదు, అదే పెద్ద తప్పు. మందంగా అరిగే కడుపు రెండు ఉండల తవుడుతోనే నిండిపోతే గాలానికున్న ముద్ద ఎవరికి కావాలి? మిగిలినది కింద పులిసి, ఆ చోటు మర్నాటికి కూడా పాడవుతుంది.

గాలానికి పెట్టే ముద్ద వేరు. గోధుమపిండి 200 గ్రాములు, శనగపిండి 50, మెత్తగా దంచిన వేరుశనగ చెక్క 50, సోంపు పొడి ఒక చెంచా. బెల్లం కలిపిన వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. మైదా కలిపితే విసరడానికి బావుంటుంది. కానీ చల్లటి నీళ్లలో అది రబ్బరులా బిగుసుకుని, లాగినప్పుడు గాలం మొన బయటికి రాదు. కాట్లు కనిపిస్తూ చేప పడకపోతే మొదట అనుమానించాల్సింది ముద్ద గట్టితనాన్నే. గ్లాసు నీళ్లలో గాలానికి పెట్టి వేలాడదీస్తే పావుగంట నిలిచి, ఆ తర్వాత విడిపోవడం మొదలవ్వాలి. ఉండ బఠాణీ కంటే కాస్త పెద్దదిగా ఉంటే చాలు.

కట్టు ఇలా: ఎనిమిది తొమ్మిదడుగుల రాడ్, 0.28 మి.మీ. తంగూసు, దాని మీద జారే 15 గ్రాముల గుండు, ఒక పూస, దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్, అక్కడి నుంచి 35 సెం.మీ. పొడవున 0.22 మి.మీ. సన్నదారం, 8వ నంబరు గాలం. గుండు బిగించేయకుండా జారేలా ఉంచడం తప్పనిసరి. చలిలో చేప ముద్దని పెదవులతో తడిమి చూస్తుంది. గుండు బరువు తగిలిందంటే ఉమ్మేస్తుంది. మొద్దులున్న చోట గుండుని ప్రధాన దారం మీద కాకుండా 0.18 మి.మీ. దారపు చిన్న తోకకి కట్టాలి. గుండు ఇరుక్కుంటే ఆ తోకే తెగుతుంది, చేప మిగులుతుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు అక్కడే నీరసపడుతుంది. పోయినేడాది దారం రెండు చేతులకి చుట్టి లాగి చూడండి. ఎండకి పాడైన తంగూసు పుటుక్కుమంటుంది.

కాటు ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. వేసవిలోలా రాడ్ వంగిపోదు. శీలావతి అయితే దారం ఒక అంగుళం బిగుసుకుని, వదులై, మళ్లీ బిగుసుకుంటుంది. ఆ రెండో బిగువుకి ఎత్తాలి. మోసు నేల మీంచి ముద్దని ఎత్తుకుని మన వైపే రావడం ఎక్కువ, దారం కిందకి జారినట్టు సడలుతుంది. గాలి వల్ల అనుకుని ఊరుకుంటే చేప పోయినట్టే. అందుకే రాడ్‌కీ రీల్‌కీ మధ్య దారం మీద తేలికైన కాగితపు ముక్క మడిచి వేలాడదీస్తే పైకి పోవడం, కిందకి పడటం రెండూ కళ్లకి కడతాయి. ఎత్తేటప్పుడు గట్టిగా విదిలించక్కర్లేదు, పక్కకి నిండుగా లాగితే సరిపోతుంది. సన్నదారం, మెత్తటి పెదవి.

పన్నెండు నుంచి మూడున్నర మధ్య వేళ మీద ఆశ పెట్టుకోవాలి. ఆ వేళకి భోజనానికి లేవకండి. నాలుగు దాటాక కొండనీడ పడుతుంది. గాలం అప్పుడు వాలు కిందకి, మూడు మీటర్ల లోతుకి మార్చాలి. ఒడ్డు చల్లబడుతుంటే చేప వచ్చిన దారినే వెనక్కి దిగుతుంది, అరగంట పాటు ఆ దారిలో తింటూ దిగుతుంది.

గాలానికి తగిలిన శీలావతి మూడు కిలోలదైతే పది నిమిషాలు పడుతుంది. డ్రాగ్‌ని, అంటే రీల్ దారం వదిలే బిగువుని, చిన్న స్ప్రింగు త్రాసుతో ముందే కిలో దగ్గర బిగించుకోవాలి, అది సన్నదారం తెగే బరువుకి బాగా తక్కువలో ఉండాలి. వదిలేయాలనుకుంటే చేతులు తడిపి పట్టుకోవాలి. ఈ కాలానికి ఒక మేలుంది: 22 డిగ్రీల నీరు లీటరుకి సుమారు 8.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలదు, 30 డిగ్రీలకి అది 7.5 దగ్గరికి పడిపోతుంది. అలసిన చేప వేసవిలో కంటే ఇప్పుడు బాగా తేరుకుంటుంది. నీళ్లలో నిటారుగా పట్టుకుని, తోక తనంతట తాను కొట్టేదాకా ఉంచితే చాలు.

నాలుగో రోజు: కోనాం

దేవరాపల్లి నుంచి చీడికాడ వైపు వస్తే బొడ్డేరు మీద కోనాం రిజర్వాయరు. కొండల మధ్య చిన్నది, చూడ్డానికి చాలా అందమైనది. గాలానికి ఒక పూట చాలు.

ఇక్కడ చూసుకోవాల్సింది రాత్రి ఆకాశం. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే నీటి వేడి పైకి పోదు, ఉదయానికి పెద్దగా చల్లబడదు. అలాంటి రోజు మాత్రం ఎనిమిదింటికే గాలం వేయచ్చు, మధ్యాహ్నం కోసం ఆగక్కర్లేదు. చుక్కలు మెరిసిన రాత్రి తర్వాత పొగమంచు పడితే అది కరిగి రెండు గంటలయ్యేదాకా బద్ధకించడమే మేలు. మంచు ఎండని నీటికి చేరనివ్వదు.

వానపాముతో, 10వ నంబరు గాలంతో ఒడ్డు పక్కనే వేస్తే జెల్లలు, పరిగెలు, ఎండ ముదిరాక జిలేబీ చేపలు వస్తాయి. జిలేబీ మన నీళ్లది కాదు. బొచ్చె, శీలావతి పిల్లల తిండికి పోటీ వచ్చి, గంపలుగా పెరుగుతుంది. పట్టినవాటిని మళ్లీ వదలకుండా కూరకి తెచ్చుకోవడమే ఆ చెరువుకి మంచిది. జెల్ల ముళ్లు మూడు, వీపున ఒకటి, పక్కలకి రెండు. గుడ్డతో పట్టుకుని గాలం తీయాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది.

అయిదో రోజు: తాటిపూడిలో బొచ్చె

వేపాడ మీదుగా శృంగవరపుకోట, అక్కడి నుంచి తాటిపూడి. బొర్రా దగ్గర పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని మీద కట్టింది. పడవ షికారు జరిగే వైపు వదిలేసి, అనుమతి ఉన్న గట్టునే వెళ్లాలి.

బొచ్చెకి రైవాడ పద్ధతి పనికిరాదు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, నేల మీద ఏరుకు తినదు. నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుంటూ పైపొరల్లో తిరుగుతుంది. కాబట్టి ముందు నీటి రంగు చూడాలి. తెల్లటి పళ్లేన్ని దారానికి కట్టి దించితే ఎంత లోతున కనబడకుండా పోతుందో కొలవండి. రెండు మీటర్ల దాకా కనిపించే తేటనీళ్లలో బొచ్చెకి తిండి లేదు, మనిషి నీడకి బెదురుతుంది కూడా. మీటరు లోపే మాయమయ్యే ఆకుపచ్చ నీరు కావాలి. మాఘంలో అలాంటి నీరు రిజర్వాయరు అంతటా ఉండదు. గాలి రెండు రోజులుగా ఎటు నెట్టిందో ఆ మూలన పేరుకుని ఉంటుంది. ఆ మూల వెతకడానికి గట్టు చుట్టూ గంట నడిచినా వృథా కాదు.

ఇక్కడ బెండు కట్టాలి. జీలుగు బెండు చేతనైతే చెక్కుకోండి, అంత తేలికైనది కొన్నవాటిలోనూ దొరకడం కష్టం. అరచేతి పొడవు, చిటికెన వేలి లావు. చిన్న సీసం గుళ్లు ఒక్కొక్కటే బిగిస్తూ, నీటి పైన సెంటీమీటరు మాత్రమే కనిపించేలా తూకం సరిచేయాలి. రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఉంటే బొచ్చె పీల్పుకి బెండు కదలనే కదలదు. గుళ్లలో పెద్దవి బెండు కిందే ఉండాలి, గాలానికి పావు మీటరు దూరంలో ఒక్క చిన్నది చాలు. ముద్ద మెల్లగా, సహజంగా దిగాలి. గాలం మొదట మీటరు లోతున పెట్టి, అరగంటకోసారి పావు మీటరు మార్చుకుంటూ పోవాలి. ఉదయం రెండు మీటర్ల దగ్గర ఉన్న చేప మధ్యాహ్నానికి అర మీటరుకి వస్తుంది.

ముద్ద చుట్టూ నాలుగైదు గాలాలు గుత్తిగా గుచ్చే పద్ధతి ఇక్కడ కనిపిస్తుంది. చేపలు ఎక్కువ పడతాయి, నిజమే. కానీ సగానికి సగం పొట్టకో కంటికో గుచ్చుకుని వస్తాయి. చిన్నది పడితే వదిలినా బతకదు. ఒకటే గాలం, 6వ నంబరు, మెత్తటి ముద్ద: దాంతోనే తృప్తిగా పడతాయి.

ముద్దలో తవుడు వాటా పెంచాలి: గోధుమపిండి 100 గ్రాములు, జల్లించిన తవుడు 100, వేయించి పొడి చేసిన శనగపప్పు 50, తేనె రెండు చెంచాలు. నీళ్లలో పడగానే పొగలా తెల్లటి మేఘం వదలాలి, బొచ్చె ఆ మేఘాన్ని పీల్చుకుంటూ ముద్ద దాకా వస్తుంది. అందుకే ఇది అయిదారు నిమిషాలకే కరిగిపోతుంది. గడియారం చూసి మళ్లీ వేయాలి. ఖాళీ గాలంతో అరగంట కూర్చునేవాళ్లు చాలామంది. అడుగుఎర కూడా ఉండలుగా కాదు, పలచగా జావలా కలిపి చెంచాడేసి బెండు చుట్టూ చల్లాలి.

బెండు మునగడం కోసం ఎదురుచూడకండి. బొచ్చె ముద్ద నోట్లోకి తీసుకున్నప్పుడు బెండు సన్నగా వణికి, ఒక పక్కకి నత్తనడకన జరుగుతుంది. లేదా పైకి లేచి అడ్డంగా పడుతుంది. ఏది జరిగినా ఎత్తాలి. తల పెద్దది, నోరు మెత్తనిది, మొదటి పరుగు చాలా బలంగా ఉంటుంది. ఆ పరుగుని ఆపబోతే పెదవి చిరుగుతుంది. ముప్పై నలభై మీటర్లు పోనిచ్చి, ఆగిన తర్వాత మెల్లగా చుట్టుకోవాలి. రీల్ మీద 150 మీటర్లకి తక్కువ దారంతో బొచ్చెకి వెళ్లకూడదు.

ఇంటికి తేవాల్సినవాటిని పట్టిన వెంటనే తలమీద ఒక్క దెబ్బతో చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, పొట్ట శుభ్రం చేసి పెట్టెలో పెట్టాలి. చేప కిలో అయితే మంచు కిలో. గడ్డలుగా కాకుండా నలగ్గొట్టి, కింద ఒక పొర, పైన ఒక పొర, పొట్టలో ఒక గుప్పెడు. పెట్టె అడుగున చిల్లు ఉండి కరిగిన నీరు పోతూ ఉండాలి, ఆ నీళ్లలో నానితే కండ మెత్తబడిపోతుంది. శృంగవరపుకోటలో మంచు దొరకని రోజుంటుంది కాబట్టి విశాఖలోనే నింపుకుని పెట్టె మీద తడిగోనె కప్పాలి. మాఘపు ఎండే కదా అని తేలిగ్గా తీసుకుంటే పెందుర్తి చేరేసరికి మొప్పలు రంగు మారి ఉంటాయి.